బోర్డు మీద మహారాజు

(విజయనగరంలో ఒక గ్రంథాలయం ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త ఈ ఊళ్లోనే నలభై ఏళ్లు బోర్డులు రాసిన చిత్రకారుడు.)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్కారం. చివరి వరసలో పిల్లలు నిలబడి ఉన్నారు, ముందుకొచ్చి చాప మీద కూర్చోండమ్మా. నాకు మైకు అలవాటు లేదు, గొంతు సరిగ్గా వినపడకపోతే చెయ్యెత్తండి.

నా పక్కన పాత దుప్పట్లో చుట్టి ఉన్నదేమిటని ఇందాకట్నుంచీ అందరూ చూస్తున్నారు. అది నేను రాసిన రేకు బోర్డు. దాని సంగతి ఆఖర్న చెబుతాను. ఈ గ్రంథాలయం వాళ్లు "మీరు జీవితమంతా ప్రచారం బొమ్మలే వేశారు కదా, ఒక కంపెనీ తన పేరు జనంలోకి ఎలా తీసుకెళ్లిందో చెప్పండి" అన్నారు. నేను ఎయిర్ ఇండియాను ఎంచుకున్నాను. అందులో నేను ఒక్కసారే ఎక్కాను. కానీ దాని మహారాజా బొమ్మతో మాత్రం నలభై ఏళ్ల పరిచయం.

1984లో స్టేషన్ రోడ్డులో ఒకాయన టికెట్ల దుకాణం పెట్టారు. ఉద్దానం నుంచి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి మనవాళ్లు వెల్డింగ్ పనికీ, ఫిట్టర్ పనికీ గల్ఫ్ దేశాలకు వెళ్లే రోజులవి. ఆయన నా చేతికి ఒక సన్నటి టైమ్ టేబుల్ పుస్తకం ఇచ్చి, "దీని మీదున్న బొమ్మ ఆరడుగుల రేకు మీద దించాలి" అన్నారు. అట్ట మీద మహారాజా. నా బొటనవేలంత ఉన్నాడు. ఎర్ర కోటు, చారల తలపాగా, కొనలు పైకి తిరిగిన పెద్ద మీసం, ముక్కు వంపు చెప్పులు.

బోర్డు పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చిన్న బొమ్మ మీద పెన్సిలుతో గళ్లు కొడతాం, రేకు మీద సుద్ద దారంతో పెద్ద గళ్లు కొడతాం, గడికి గడి లెక్కచూసి గీత దించుతాం. సినిమా హీరో మొహమైనా అలాగే దిగుతుంది. మా గురువుగారు ఒకటే చెప్పేవారు, "ముందు కన్ను దిద్దరా, కన్ను కుదిరితే మనిషి కుదిరినట్టే" అని. ఈ మహారాజాకు కళ్లు మూసి ఉన్నాయి! రెండు చిన్న వంపు గీతలు, అంతే. మరి మనిషి ఎక్కడున్నాడు? రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, వీపులో ఉన్నాడు. ఆ వంగడంలో ఉన్నాడు.

మొదటిసారి వంపు కాస్త ఎక్కువైంది. దివాణంలో బంట్రోతు వంగినట్టు వచ్చింది. ఆయన చూసి "ఇదేంటయ్యా, భయపడుతున్నట్టున్నాడు" అన్నారు. తుడిచేసి, వీపు నిటారుగా తెచ్చాను. ఈసారి శిస్తు వసూలుకు వచ్చిన జమీందారు అయ్యాడు. మూడోసారి మా మేనత్త కూతురి పెళ్లి గుర్తొచ్చింది. బంతి భోజనాల దగ్గర మా మావయ్య వరస వెంట నడుస్తూ, ఒక్కో విస్తరి దగ్గర కొంచెం వంగి, "ఇంకొంచెం వేయించమంటారా" అని అడగడం. ఆ వంపు చూడండి, అందులో చిన్నతనం లేదు, పెత్తనం లేదు. ఇల్లు ఆయనదే, వచ్చినవాళ్లు ఆయన చుట్టాలు. ఆ వంపు గుర్తు పెట్టుకుని వేశాను. బొమ్మ కుదిరింది.

తర్వాత ఎన్నో ఏళ్లకు ఇదే గ్రంథాలయంలో చదివాను, ఆ బొమ్మను పుట్టించినాయన కూడా సరిగ్గా ఆ మాటే చెప్పారని. ఆయన పేరు ఎస్.కె. కూకా. అందరూ బాబీ కూకా అనేవారు. టాటా వాళ్ల విమాన సంస్థలో ప్రచారమూ వ్యాపారమూ చూసేవారు. 1946లో బొంబాయిలో జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల కంపెనీలో ఉమేశ్ రావు అనే చిత్రకారుడితో కలిసి ఈ బొమ్మ తయారుచేశారు. మొదట వేసింది హోర్డింగు కోసం కాదు, చిన్న నోట్ ప్యాడ్ కాగితం కోసం. మహారాజా తివాచీ మీద కూర్చుని హుక్కా పీలుస్తూ గాల్లో తేలిపోతుంటాడు. ఇంతకంటే మంచి పేరు దొరకక మహారాజా అన్నామనీ, ఇతనిది రాజరక్తమేమీ కాదనీ, చూడ్డానికి రాజులా ఉంటాడు తప్ప రాజు కాదనీ కూకా అనేవారు.

ఈ మాట మన విజయనగరంలో చెప్పుకోవడానికి బాగుంటుంది. మనకు మహారాజు అంటే కోట, గంటస్తంభం, సంగీత కళాశాల. మన రాజకుటుంబానికి చెందిన విజ్జీ గారు కెప్టెన్‌గా 1936లో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండ్ వెళ్లింది ఓడలోనే. రాజుగారి బిడ్డకైనా వారాల తరబడి సముద్రమే దారి. పన్నెండేళ్లు తిరిగేసరికి అదే లండన్‌కు మన దేశం విమానమే బయల్దేరింది. ఎవరు చేశారో, ఎలా చేశారో చెబుతాను.

జె.ఆర్.డి. టాటా. 1904లో పారిస్‌లో పుట్టారు, తల్లి ఫ్రెంచి ఆవిడ. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో ఇచ్చిన మొట్టమొదటి పైలట్ లైసెన్సు, ఒకటో నంబరు, ఆయనదే. అదే ఏడాది చివర్లో, ఇండియా ఇంగ్లండ్‌ల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. 1930లో జె.ఆర్.డి. ఇటు కరాచీ నుంచి బయల్దేరారు. అటు ఇంగ్లండ్ నుంచి ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు వస్తున్నాడు. ఇద్దరూ ఈజిప్టులో అబూకిర్ దగ్గర కలిశారు. ఆస్పీ దగ్గర స్పార్క్ ప్లగ్ పాడైపోయి, వేరేది లేక దిగాలుగా ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న అదనపు ప్లగ్ తీసి ఇచ్చేశారు. పోటీలో ఎదుటివాడికి! చివరికి ఆస్పీయే గెలిచాడు. ఆ కుర్రాడే తర్వాత మన వైమానిక దళానికి అధిపతి అయ్యారు. కంపెనీ చరిత్రకు నేను ఈ ప్లగ్ దగ్గరే మొదలుపెడతాను. ఆ మనిషి పద్ధతేమిటో అందులో ఉంది.

కంపెనీ ఆలోచన మాత్రం నెవిల్ వింట్సెంట్‌ది. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పైలట్. ఇంగ్లండ్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానంలో ఉత్తరాలు కరాచీ దాకా వస్తున్నాయి, అక్కణ్నుంచి బొంబాయికీ మద్రాసుకీ మనం తెద్దాం అన్నాడు. రెండు లక్షల రూపాయల పెట్టుబడి, పుస్ మాత్ అనే చిన్న విమానాలు రెండు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. తానే కరాచీ డ్రిగ్ రోడ్డు నుంచి పాతిక కిలోల ఉత్తరాల సంచితో బయల్దేరారు. దారిలో అహ్మదాబాదులో దిగితే పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చింది, నాలుగు గ్యాలన్ల డబ్బాల్లో. ఎడ్లబండి విమానానికి పెట్రోలు మోసుకురావడం... ఆ దృశ్యం ఎవరైనా బొమ్మ వెయ్యాలి, నాకు ఇక చెయ్యి వణుకుతోంది. మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. అక్కడ విమానాశ్రయం అంటే ఒక పాక, సముద్రపు ఒడ్డున మట్టి మైదానం. వానాకాలం అది బురదైతే మొత్తం సరంజామా పూనాకు మార్చేవారు. జుహూ నుంచి వింట్సెంట్ ఆ సంచిని బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. మొదటి ఏడాది మొత్తం కలిపి ఎక్కిన ప్రయాణికులు 155 మంది. మన కాంప్లెక్సులో పొద్దున పూట మూడు బస్సుల్లో అంతమంది ఎక్కుతారు.

వింట్సెంట్ 1942లో యుద్ధంలో చనిపోయాడు, ప్రయాణిస్తున్న విమానాన్ని కూల్చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ చెప్పేది, విశాఖ నుంచి మూటాముల్లే సర్దుకుని జనం మన ఊరివైపు వచ్చేశారని. ఆకాశంలో చప్పుడైతే చాలు, పిల్లల్ని మంచాల కిందకు తోసేసేదట. మన ప్రాంతం వాళ్లకు విమానమంటే మొదట అదీ. ఆ భయం పోగొట్టి, అదే చప్పుడు వింటే ఆశపడేలా చెయ్యడం ఎంత పెద్ద పనో ఆలోచించండి. ప్రచారమంటే నాకు ఆ పనే.

యుద్ధం అయ్యాక 1946 జూలై 29న టాటా ఎయిర్‌లైన్స్ పబ్లిక్ కంపెనీ అయింది. పేరు ఏం పెట్టాలో ఉద్యోగుల అభిప్రాయమూ అడిగారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్, పాన్ ఇండియన్, ట్రాన్స్ ఇండియన్, ఎయిర్ ఇండియా, ఈ నాలుగూ కాగితం మీద ఉన్నాయి. ఎక్కువమంది ఎయిర్ ఇండియా అన్నారు. బోర్డులు రాసేవాడిగా చెబుతున్నాను, చాలా మంచి ఎంపిక. రెండు చిన్న మాటలు, ఏ భాషలో రాసినా ఒక్క వరసలో ఇమిడిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే జె.ఆర్.డి. ప్రభుత్వం ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. విదేశాలకు విమానాలు నడిపే సంస్థ పెడదాం, మీకు 49 శాతం వాటా అని. దేశం రెండు ముక్కలై, ఢిల్లీలో శరణార్థుల గుడారాలు ఇంకా ఎత్తెయ్యని రోజులవి. అయినా సర్కారు ఒప్పుకుంది. 1948 మార్చిలో ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ పుట్టింది. జూన్ 8 రాత్రి మలబార్ ప్రిన్సెస్ అనే లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుంచి లేచింది. కైరో, జెనీవా మీదుగా లండన్. జె.ఆర్.డి.గారు, ఆయన భార్య థెల్మా గారు కూడా అందులో ఉన్నారు. నడిపింది కెప్టెన్ గుజ్డర్.

దానికి ముందు పేపర్లో వేసిన ప్రకటనలో టికెట్టు ధర 1,720 రూపాయలు. మా తాతగారు బడిపంతులు. ఆయన రెండేళ్ల జీతం పోగేసినా అంత వచ్చేది కాదు. ఆ డబ్బు పెట్టగలిగిన వాళ్లు అప్పటిదాకా విదేశీ కంపెనీల్లో వెళ్లేవాళ్లు. వాళ్లకు పేరుంది, అలవాటుంది, పెద్ద పెద్ద ఆఫీసులున్నాయి. నిన్నగాక మొన్న స్వతంత్రం వచ్చిన దేశం విమానం ఎందుకెక్కాలి? ఇంజను అందరిదీ ఒకటే, అమెరికాలో తయారైనదే. వేగం ఒకటే, దారి ఒకటే. తేడా చూపించాల్సింది మర్యాదలోనే. కూకా అది పట్టుకున్నారు. మా విమానం గొప్పది అని ఎక్కడా అనలేదు. మా ఇంటికి రండి అన్నారు. చుట్టాన్ని పిలిచినట్టు పిలిచారు.

అక్కణ్నుంచి ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కుంచె పట్టాలనిపిస్తుంది. ఏ ఊరికి కొత్తగా విమానం వేస్తే మహారాజా ఆ ఊరి వేషం కట్టేవాడు. టోక్యోకైతే సుమో వస్తాదు, పారిస్‌కైతే ప్రేమికుడు. దసరాకు మన ఊళ్లల్లో పగటివేషగాళ్లు రోజుకో వేషం కట్టి గుమ్మం ముందుకొచ్చేవాళ్లు, గుర్తుందా పెద్దవాళ్లకు? వేషం మారినా మనిషి ఎవరో తెలిసిపోయేది. ఇక్కడ మీసమే గుర్తు. బొంబాయి కెంప్స్ కార్నర్ దగ్గర ఎయిర్ ఇండియా హోర్డింగు మారిందంటే జనం ఆగి చదివేవాళ్లు. కొన్నింటి మీద పార్లమెంటులో కూడా అభ్యంతరాలు వచ్చాయి. జె.ఆర్.డి. మాత్రం కూకాను వెనకేసుకొచ్చారు, చెయ్యి కట్టెయ్యలేదు. నా వృత్తిలో యజమాని అలాంటివాడు దొరకడం పూర్వజన్మ సుకృతం.

బొమ్మతో ఆగలేదు. ఎయిర్ హోస్టెస్‌లకు పట్టుచీర. భోజనాల జాబితా కార్డు మీద బొమ్మలు, క్యాలెండరు మీద బొమ్మలు. 1956 ప్రాంతం నుంచి మన చిత్రకారుల దగ్గర పెయింటింగులు కొని లండన్‌లో, న్యూయార్క్‌లో తమ ఆఫీసుల గోడలకు పెట్టారు. బి. ప్రభ, హుస్సేన్, గాయ్‌తొండే... ఈనాడు కోట్లు పలికే వాళ్ల బొమ్మలు అప్పట్లో కొన్నిసార్లు విమానం టికెట్లకు బదులుగా తీసుకున్నారు. చేతిలో డబ్బు లేని చిత్రకారుడు విదేశం చూసొచ్చాడు, కంపెనీకి గోడ నిండింది. 1967లో స్పెయిన్ దేశపు చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేత యాష్‌ట్రేలు తయారు చేయించి ప్రయాణికులకు కానుకలిచ్చారు. ఒకవైపు నుంచి చూస్తే హంస, తిరగేస్తే ఏనుగు తల. ప్రతిఫలం ఏం కావాలంటే డాలీ ఏనుగు పిల్ల కావాలన్నారు. బెంగళూరు నుంచి ఏనుగు పిల్లను జెనీవా దాకా విమానంలో, అక్కణ్నుంచి బండి మీద ఆయన ఊరు కడాకేస్‌కు మావటితో సహా పంపించారు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి. 2007లో ఈ సంస్థ గుర్తు మార్చి ఎర్ర హంస లోపల కోణార్క చక్రం పెట్టారు. కోణార్క గుడి కట్టించింది నరసింహదేవుడు, తూర్పు గాంగుల రాజు. ఆ గాంగులు కటకం వెళ్లకముందు వాళ్ల రాజధాని కళింగనగరం, అంటే వంశధార ఒడ్డున మన శ్రీముఖలింగం. అందుకే, 2023లో గుర్తు మళ్లీ మార్చేదాకా, ఆ చక్రం తోక మీద పెట్టుకుని విమానం లేస్తుంటే నాకు మనూరి సంబంధం కనిపించేది. సరే, కథలోకి వద్దాం.

ఇంత బొమ్మా వేశాక ప్రయాణికుడు లోపలికి వస్తాడు. అప్పుడు ఏం జరుగుతుంది? ఇది నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కూకా గోడ మీద మాట ఇచ్చేవారు, జె.ఆర్.డి. ఆ మాట నిలబెట్టే పని నెత్తిన వేసుకునేవారు. ఆయన విమానం ఎక్కినప్పుడల్లా కూడా ఒక కాగితం ఉండేది. దిగేసరికి తప్పులన్నీ రాసి ఆఫీసుకు పంపేవారు. 1951లో రాసిన ఒకటి చదివి నేను ఆశ్చర్యపోయాను. జెనీవాలో ఎక్కించుకున్న టీ రంగు చూస్తే కాఫీకీ దానికీ తేడా తెలియడం లేదని రాశారు. టీ ఆకు వల్లా, ఎక్కువసేపు ఉంచడం వల్లా కనుక్కోమన్నారు. కుర్చీల్లో కొన్ని బాగా వెనక్కి వాలుతున్నాయి, కొన్ని వాలడం లేదు, అన్నీ ఒకేలా సరిచెయ్యండని ఇంకో మాట. స్టువర్డుల జుట్టు, మీసాల దాకా చూసేవారు. కౌంటరు మీద దుమ్ముంటే గుడ్డ అడిగి తానే తుడిచారని కూడా చెబుతారు. అంత పెద్ద పారిశ్రామికవేత్తకు టీ రంగుతో ఏం పని అని మనకు అనిపించవచ్చు. పెళ్లిలో మా మావయ్యకు వంటశాలలోకి వెళ్లి సాంబారు గిన్నె మూత తీసి చూసే పనేమిటి? పిలిచింది ఆయన కాబట్టి.

చరిత్ర కొంచెం గబగబా చెబుతాను, తారీఖులు మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. 1953 ఆగస్టులో విమాన సంస్థలన్నిటినీ ప్రభుత్వం తీసుకుంది. హైదరాబాదు బేగంపేట నుంచి నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిదింటిని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. విదేశీ మార్గాలు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు ఉంచారు. జె.ఆర్.డి.కి అది నచ్చలేదు, అయినా చైర్మన్‌గా ఉండమంటే ఉన్నారు. 1960లో బోయింగ్ 707 వచ్చింది, ఆసియాలో జెట్ విమానం నడిపిన మొదటి సంస్థ ఇదే. ఆ ఏడాదే న్యూయార్క్‌కు వెళ్లింది. 1962లో పేరులో ఇంటర్నేషనల్ తీసేసి ఎయిర్ ఇండియా చేశారు. అన్నీ జెట్ విమానాలే ఉన్న సంస్థ ప్రపంచంలో అప్పటికి ఇదొక్కటే. 1971లో జంబో వచ్చింది, పేరు ఎంపరర్ అశోక. దాని కిటికీల చుట్టూ రాజస్థాన్ కోటల్లో ఉండే వంపు కిటికీలు, జరోకాల్లాగా రంగులు వేశారు. "ఆకాశంలో మీ రాజభవనం" అని ప్రకటన. అన్ని కిటికీలకు ఒకే వంపు, ఒకే మందం గీత తీసిన ఆ పెయింటర్లకు నేను ఇక్కడినుంచే దణ్ణం పెడుతున్నాను.

1978 ఫిబ్రవరిలో జె.ఆర్.డి.ని చైర్మన్ పదవి నుంచి తప్పించారు. నలభై అయిదేళ్లకు పైగా పెంచిన సంస్థ అది. 1982లో, కరాచీ ప్రయాణానికి యాభై ఏళ్లు నిండినప్పుడు, 78 ఏళ్ల వయసులో ఆయన ఒక్కడూ చిన్న లెపర్డ్ మాత్ విమానంలో మళ్లీ కరాచీ నుంచి బొంబాయికి నడుపుకుంటూ వచ్చారు. అంతకంటే గొప్ప ప్రకటన ఏ హోర్డింగు మీదా నేను చూడలేదు.

పోయినవాళ్లను తలుచుకోకుండా ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. మొదట లండన్ వెళ్లిన ఆ మలబార్ ప్రిన్సెస్సే 1950 నవంబరు 3న ఫ్రాన్స్‌లో మాంట్ బ్లాంక్ మంచుకొండకు తగిలి కూలిపోయింది. 48 మంది. వాళ్లలో 40 మంది ఓడ ఎక్కడానికి వెళుతున్న మన దేశపు కళాసీలు, కూలి కోసం ఊరు దాటినవాళ్లు. 1966 జనవరిలో అదే కొండ దగ్గర ఇంకో విమానం, హోమీ భాభా గారితో కలిపి 117 మంది. 1985లో కనిష్క అనే విమానం, బాంబు పెట్టారు, 329 మంది. 2025 జూన్ 12న అహ్మదాబాదులో లేచిన నిమిషంలోపే కూలింది, విమానంలో ఒక్కరు తప్ప అందరూ పోయారు, నేల మీద వైద్య విద్యార్థుల హాస్టల్లో కూడా పోయారు. టీవీలో చూసి ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. ఎడ్లబండి పెట్రోలు తెచ్చిన ఆ అహ్మదాబాదే.

ఇక మనవాళ్ల సంగతి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడున్న మన కూలీలు ఎడారి దాటి జోర్డాన్‌లో అమ్మాన్ చేరుకున్నారు. రెండు నెలల్లో ఎయిర్ ఇండియా ఐదు వందలకు దగ్గరగా విమానాలు నడిపి లక్ష మందికి పైగా మనుషుల్ని తీసుకొచ్చింది. ఒక పౌర విమాన సంస్థ అంతమందిని తరలించడం ప్రపంచ రికార్డు. మా వీధికి ఆ విమానంలో వచ్చిన ఒకాయన ఉండేవాడు. ప్లాస్టిక్ సంచి ఒక్కటే మిగిలింది చేతిలో. గుమ్మం దగ్గర హోస్టెస్ చేతులు జోడించి నమస్కారం పెట్టిందట. "నెల రోజుల్నుంచి నన్ను అందరూ తోసినోళ్లే బాబూ. ఆ పిల్ల దణ్ణం ఎడితే నాకు ఏడుపొచ్చీసింది" అనేవాడు. డబ్బు పెట్టి టికెట్ కొనని వాళ్లకు కూడా ఆ నమస్కారం దక్కింది. ఆ రోజు మహారాజా కరెక్టుగా వంగాడు.

కానీ నా బోర్డు సంగతి వేరే అయింది. నాకు పని ఇచ్చినాయన మంచివాడు, కొన్నేళ్లకు దుకాణం అమ్మేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాడు పేరు మార్చాడు, మహారాజాను మాత్రం ఉంచుకున్నాడు. విమాన సంస్థతో అతనికి ఏ సంబంధమూ లేదు. వీసాలిప్పిస్తానని జనం దగ్గర డబ్బు తీసుకుని ఒక రాత్రి తలుపులకు తాళం వేసి పోయాడు. పొద్దున్నే నేను ఆ దారిన వెళుతుంటే సోంపేట వైపు మనిషి ఒకడు బోర్డు కింద గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. పాస్‌పోర్టు చేతిలో ఉంది. కొబ్బరితోట తాకట్టు పెట్టాడట. నన్ను చూసి, ఎవరో తెలియకుండానే, పైకి వేలు చూపించి అన్నాడు: "ఈ బొమ్మ సూసే నమ్మీసినాను బాబూ. ఇంత మర్యాదగా ఒంగినోడు మోసం సేత్తాడేటి అనుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. టీ కొట్టుకు తీసుకెళ్లి టిఫిన్ పెట్టించాను, బస్సు చార్జీ ఇచ్చాను, అంతకంటే చెయ్యలేకపోయాను. ఆ సాయంత్రం ఇంటాయన అనుమతి తీసుకుని నిచ్చెన వేసుకుని బోర్డు దించేశాను. బొమ్మ నేను వేసింది కదా. కింద ఎవరు కూర్చుని ఏం అమ్ముతున్నారో నేను ఏళ్ల తరబడి చూడలేదు. అప్పటినుంచి నేను కొత్త బోర్డు ఒప్పుకునే ముందు లోపలికి వెళ్లి కాసేపు కూర్చునేవాణ్ని. హోటలైతే టీ తాగేవాణ్ని. రెండు మూడు పనులు వదిలేసుకున్నాను కూడా.

అసలు సంస్థలో కూడా అదే జరిగిందని నా అభిప్రాయం. గోడ మీద మహారాజా అలాగే వంగి ఉన్నాడు, లోపల విరిగిన కుర్చీని చూసి కాగితం రాసే మనిషి లేకుండా పోయాడు. అప్పులు పెరిగాయి, ఆలస్యాలు పెరిగాయి. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపాక ఆ బరువు ఇంకా ఎక్కువైంది. చివరికి 18,000 కోట్ల లెక్కన టాటాలే మళ్లీ తీసుకున్నారు, 2022 జనవరి 27న చేతులు మారింది. నేనేదో పాతవాళ్ల మీద నేరం మోపడానికి అనడం లేదు. ఆ ఉద్యోగుల్లో కువైట్ వెళ్లొచ్చినవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు చాలా గౌరవం.

ఇప్పుడు మన వంతు వచ్చింది. చూడండి, దేశానికి పౌర విమానయాన మంత్రులుగా మన ఊరి నుంచి అశోక్ గజపతిరాజు గారు చేశారు, శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు 2024లో ఆ బాధ్యత తీసుకున్నారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరున విమానాశ్రయం. దాన్ని కట్టే పని చేపట్టిన సంస్థ అధినేత గ్రంధి మల్లికార్జునరావు గారిది రాజాం. మా నాయనమ్మ పిల్లల్ని మంచం కిందకు తోసిన ఆకాశం ఇదే. అక్కడ మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి. కౌంటర్ల దగ్గర, సామాన్ల దగ్గర, క్యాంటీన్లలో. ఉద్దానం నుంచి మొదటిసారి విమానం ఎక్కే తల్లి, ఏ గేటుకి వెళ్లాలో తెలియక టెన్షన్ పడుతూ కాగితం పట్టుకుని నిలబడుతుంది. "ఏటి బాబూ, ఎటెల్లాల?" అని అడుగుతుంది. ఆమెకు జవాబు చెప్పేవాళ్లు ఈ చాప మీద కూర్చున్న పిల్లల్లోనే ఉంటారని నా నమ్మకం. అందుకే ఈ బోర్డు ఇవాళ తెచ్చాను.

బాబూ, ఆ దుప్పటి ఆ కొస పట్టుకో. మెల్లగా... రేకు అంచు కోసుకుంటుంది, జాగ్రత్త.

ఇదిగో. ఎరుపు కొంచెం వెలిసింది, పడమటి ఎండ కొట్టేది. తుప్పు కింద నుంచి చెప్పుల దాకా వచ్చింది. మీసం చూడండి, నల్ల ఎనామిల్ మీద సన్న కుంచెతో ఒక్క ఊపులో తీసిన తెల్ల గీత, అది ఇంకా మెరుస్తోంది. ఇక్కడ, నడుము దగ్గర, దగ్గరికొచ్చి చూస్తే కింద రెండు పాత గీతలు కనిపిస్తాయి. ఒకటి బంట్రోతుది, ఒకటి జమీందారుది. తుడిచినా పూర్తిగా పోలేదు. రండమ్మా, ముట్టుకోవచ్చు, రంగు ఊడదు.